ఒక వంతెన, అయిదు సిద్ధాంతాలు

ఆగస్టు 3

సగం డాక్టరమ్మకి,

మీ పిన్ని ఆశీస్సులు. మిగతా సగం ఎప్పటికి అవుతావో గానీ, ఈలోగా నాకు నీతో పని పడింది.

ముందు నా కన్ను సంగతి. ఆపరేషన్ బాగానే జరిగిందన్నారు. కుడి కంటికి కట్టు. ఎడమ కన్ను ఎటూ ఎప్పుడో మసకబారినదే. వంగకూడదట, బరువెత్తకూడదట, సూది పట్టకూడదట. అన్నిటికంటే ముఖ్యంగా, కట్టు విప్పేదాకా కళ్ళనీళ్ళు పెట్టుకోకూడదని డాక్టరు మరీమరీ చెప్పాడు. ఏడవడానికి నాకు తీరికెక్కడిది నాయనా అన్నాను. కుట్టుమిషను మీద దుప్పటి కప్పి దుకాణం మూసేశాను. బడి యూనిఫారాలు ఇచ్చినవాళ్ళు వచ్చి, తాళం చూసి, గొణుక్కుంటూ పోతున్నారు.

అసలు గొడవ మీ బాబాయిది. పెళ్ళికి ముందు నుంచీ సిటీ బస్సు నడుపుతున్న మనిషి ఇప్పుడు వంతెన దాటనంటున్నారు. బస్సును వంతెన మొదలుదాకా తెస్తారు, పక్కన ఆపేస్తారు, ఇంజనులో ఏదో చప్పుడు వస్తోందంటారు. మెకానిక్కులు అంతా విప్పి చూసి ఏ చప్పుడూ లేదన్నారు. మర్నాడూ అంతే. కండక్టరు జనాన్ని దింపి వంతెన మీద నడిపించుకుపోతుంటే, ఈయన స్టీరింగు పట్టుకుని కూర్చున్నారట, చేతులు వణుకుతున్నాయట. ఈ ముక్క నాకు కండక్టరు భార్య చెప్పింది. ఈయన్ని అడిగితే చప్పుడు అంటారు, అంతే.

డిపో మేనేజరు మంచివాడు కాబట్టి, ప్రస్తుతానికి నదికి ఇవతలే తిరిగే చిన్న రూటు ఇచ్చాడు. సెప్టెంబరు ఆఖరుకి ఆ రూటు ఎత్తేస్తున్నారు. ఆపైన ప్రతి బస్సూ వంతెన దాటాల్సిందే. అప్పటికీ దాటకపోతే బస్సు తాళం అప్పజెప్పి టైర్ల షెడ్డులో కూర్చోవాలి. బస్సు లేని మీ బాబాయి నా ఊహకి కూడా అందరు.

మనసు శాస్త్రం చదువుతున్నావు కదా, ఏం చెయ్యాలో చెప్పు.

ఇంట్లో కూడా అన్నీ అస్తవ్యస్తమే. ఆపరేషనయిన కొత్తలో ఒకరోజు వంతెన మీద లారీ తిరగబడి దారి మూసేశారు. ఈయన అవతలి ఒడ్డున ఇరుక్కుని, వచ్చేసరికి పొద్దుపోయింది. అప్పటికి నేను తడుముకుంటూ పాలు కాచుకుంటున్నాను, గిన్నె కాస్తా మాడి బొగ్గయింది. బంగారంలాంటి గిన్నె. ఆ మర్నాటి నుంచి పక్కింటావిణ్ణి నాకు కాపలా పెట్టారు. ఆవిడకి నోరు మూయడం రాదు. మీ అమ్మ ఇచ్చిన ఆకుపచ్చ శాలువా కూడా కనబడటం లేదు. లాండ్రీవాడు పోగొట్టాడంటున్నారు మీ బాబాయి. కళ్ళు కనబడని ఇంట్లో ఎవరు ఏం చెబితే అదే నిజం కదా.

జవాబు వెంటనే రాయి.

కంటికి కట్టు, నోటికి లేదు,
మీ పిన్ని


ఆగస్టు 11

పిన్నికి,

నమస్కారాలు. నీ ఉత్తరం వచ్చిన రోజే మా మేడమ్ టర్మ్ పేపరు ఇచ్చారు: మనస్తత్వశాస్త్రంలోని ప్రధాన సిద్ధాంతాలను పోల్చి, ఏది మేలో కారణాలతో రాయండి అని. బాబాయి సరిగ్గా నా పేపరు కోసమే ఆగారేమో అనిపించింది. ఇలా అనుకోకూడదు, కానీ అనుకున్నాను.

మొదట మనోవిశ్లేషణ. ఈ సిద్ధాంతం ప్రకారం మనకి తెలిసిన మనసు ఇంటి ముందుగది మాత్రమే. వెనక మనమే తాళం వేసి మరిచిపోయిన గదులుంటాయి. చిన్నప్పుడు మింగేసిన భయాలూ కోపాలూ అక్కడ ఉంటాయి. తిన్నగా బయటికి రాలేవు కాబట్టి వేషం వేసుకుని వస్తాయి. ఇంజనులో చప్పుడు అలాంటి వేషం. అందుకని ఎందుకు ఆగుతున్నారని నేరుగా అడగకు, అడిగితే లోపలి తలుపు ఇంకా బిగుసుకుంటుంది. చిన్నతనం గురించీ, వాళ్ళమ్మగారి గురించీ, నీళ్ళ గురించీ, కలల గురించీ కబుర్లలో లాగు. ఇదంతా బాబాయికి తెలియకూడదు.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకు. ఈ సిద్ధాంతంలో వస్తువులు ఊరికే పోవు. మా అమ్మ ఇచ్చిన శాలువాయే ఎందుకు పోయింది? అమ్మ మీద నీకు పాత కోపం ఏదైనా ఉందేమో ఆలోచించు.

నీ
సగం డాక్టరు


ఆగస్టు 19

ఇంటి గుట్టు అక్కకి చేరవేసే పిల్లకి,

కోపం ఉందేమో ఆలోచించమన్నావు. నీ ఉత్తరం వచ్చేదాకా లేదు. "నీకు నా మీద ఏం కోపమే, నేనేం చేశానే" అని మీ అమ్మ పేజీలకు పేజీలు రాశాక వచ్చింది. శాలువా లాండ్రీలో పోయిందమ్మా, నా మనసులో కాదు. పోయిన గుడ్డకి కూడా కారణం నా బుద్ధేనా?

నువ్వు చెప్పినట్టే చిన్నతనం గురించి అడిగాను. వాళ్ళింట్లో ఒక మేక ఉండేదట, అది లెక్కల పుస్తకం తినేసిందట. మూడు పూటలు ఆ మేక గురించే. నీళ్ళంటే భయమా అని చుట్టూ తిప్పి అడిగితే, చిన్నప్పుడు ఇదే నది ఈది అవతలి ఒడ్డున పుచ్చకాయలు దొంగిలించి, వాటిని ముందుకు తోసుకుంటూ ఈదుకొచ్చేవాళ్ళట. భయమున్నవాడి లక్షణాలా ఇవి? కలలేమొస్తాయని అడిగితే నిద్రపోతున్నట్టు కల వస్తుందన్నారు.

ఇంతలో నన్ను చూడటానికి మా అత్తగారు వచ్చారు. సమయం దొరికింది కదా అని, చిన్నప్పుడు ఆయన్ని దేనికైనా భయపెట్టారా అని మెల్లగా కదిపాను. ఆవిడ గ్లాసు ఠక్కున కింద పెట్టిన చప్పుడయింది. తర్వాత, "పెంచి పెద్దవాణ్ణి చేసి, బండి నడిపేవాణ్ణి చేసి నీ చేతికిచ్చాను. ఇప్పుడు ఆగాడంటే ఎవరి చేతిలో ఆగాడో చూసుకో" అన్నారు. వారం ఉందామని వచ్చిన మనిషి మర్నాడే సంచి సర్దుకుని వెళ్ళిపోయారు. వంతెన దాటే బస్సులోనే వెళ్ళారు. దాన్ని వేరే డ్రైవరు నడిపాడు, అది చూసి మీ బాబాయి ముఖం ఎలా ఉందో నాకు కనబడలేదు గానీ, ఆ పూట అన్నం సగమే తిన్నారని పక్కింటావిడ చెప్పింది.

చదవేస్తే ఉన్న మతి పోయిందంటే ఏమో అనుకున్నాను. వేరే సిద్ధాంతం ఏమైనా ఉంటే పంపు. మా అత్తగారు అక్కరలేనిది.

గోరుచుట్టు మీద రోకటి పోటుతో
మీ పిన్ని


ఆగస్టు 27

పిన్నికి,

అమ్మకి చెప్పినందుకు క్షమించు. మీ అత్తగారి సంగతి విని చాలా బాధ కలిగింది. మేక ముఖ్యమైనదే కావచ్చు, కానీ దాన్ని వదిలేద్దాం.

రెండోది ప్రవర్తనావాదం. ఇది మొదటిదానికి పూర్తిగా ఎదురు. మనసు మూసిన పెట్టె, తెరిచి చూడలేని పెట్టె గురించి కథలు అల్లడం దండగ అంటుంది. పైకి కనబడే పనిని మాత్రమే చూడాలి. భయం కూడా నేర్చుకున్న అలవాటే, కాబట్టి మాన్పించనూ వచ్చు. ఎలాగంటే, కొంచెం కొంచెంగా. ఒకరోజు వంతెన కనబడేదాకా, ఇంకోరోజు మొదలుదాకా, ఇంకోరోజు నాలుగడుగులు. ప్రతి మెట్టుకీ ఆయనకి ఇష్టమైనది ఏదైనా బహుమానంగా ఇవ్వాలి. వెనక్కి తగ్గితే పట్టించుకోకూడదు. ఎందుకు అని మాత్రం అడగొద్దు, ఈ సిద్ధాంతంలో ఎందుకుతో పని లేదు. ఇది కూడా ఆయనకి తెలియకుండానే చెయ్యి.

నీ
బిడ్డ


సెప్టెంబరు 6

అమ్మాయికి,

మీ బాబాయికి ఇష్టమైనది ఏమిటో నీకు తెలుసా? మౌతార్గన్. పెళ్ళయిన కొత్తలో నేను దాన్ని ఇంట్లో నిషేధించాను. ఇన్నేళ్ళూ అది బీరువా పైన దుమ్ములో ఉంది. నీ మాట మీద దించాను. వంతెన వైపు నడిచి వస్తే ఒక పాట అని పెట్టాను.

రోజూ సాయంత్రం డ్యూటీ దిగి వంతెన మొదలుదాకా నడుస్తున్నారు. అక్కడ కాసేపు నిలబడి, ఇంటికొచ్చి, మౌతార్గన్ అందుకుంటున్నారు. ఒక పాటన్నది ఇప్పుడు కచేరీ అయింది. వంతెన మీద మాత్రం ఒక్క అడుగు పడలేదు. నాలుగడుగులు వేస్తే రెండు పాటలన్నాను. "ఒకటి చాలు" అన్నారు. ఇక్కడ ఎవరు ఎవరికి అలవాటు నేర్పుతున్నారో నాకు బోధపడటం లేదు. పక్కింటావిడ మాత్రం కచేరీ మొదలవగానే వాళ్ళింటికి వెళ్ళిపోతోంది, అదొక్కటే లాభం.

ఆ మాటకి రాస్తూ రాస్తూ మీ బాబాయి నవ్వుతున్నారు. నవ్వితే అక్షరాలు వంకరపోతాయని చెబుతున్నా వినరు.

పెట్టె మూసే ఉంది. రోజులు మాత్రం పోతున్నాయి.

మీ పిన్ని


సెప్టెంబరు 13

పిన్నీ,

రాస్తూ రాస్తూ నవ్వుతున్నారా? ఈ ఉత్తరాలన్నీ బాబాయే రాస్తున్నారా? మరి నేను రాసినవి నీకు ఎవరు చదువుతున్నారు?

కంటికి కట్టున్న మనిషివి ఎలా రాస్తున్నావని ఒక్కసారి కూడా అనుకోలేదు చూడు, అది నా తెలివి. తెలియకూడదు, తెలియకూడదు అని నేను రాసిన ప్రతి ముక్కనీ ఆయనే నీకు పైకి చదివి వినిపించారన్నమాట. వేషం వేసుకున్న భయం గురించీ, మూసిన పెట్టె గురించీ, బహుమానం గురించీ! ఇంతకంటే పాడైపోయిన ప్రయోగం ఉండదు. మేడమ్‌కి చెబితే తల పట్టుకున్నారు, తర్వాత నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

సరే, ఇక దాచడానికి ఏమీ లేదు కాబట్టి మిగిలిన మూడూ ఒకేసారి రాస్తున్నాను. సంజ్ఞానవాదులు ఏమంటారంటే, మనిషిని భయపెట్టేది వంతెన కాదు, వంతెన గురించి లోపల తనకి తాను చెప్పుకునే మాట. ఆ మాట ఏమిటో కాగితం మీద పెట్టించి, అది ఎంత నిజమో వాదించాలి. మానవతావాదులు ఏమంటారంటే, సలహాలూ బహుమానాలూ మానేసి, తప్పుపట్టకుండా, తిట్టకుండా ఆ మనిషి చెప్పేది వినాలి. అప్పుడు తన దారి తనే వెతుక్కుంటాడు. జీవశాస్త్రం వైపు నిలబడేవాళ్ళు ఇవన్నీ తర్వాత, ముందు గుండె, చెవి, నరాలు చూపించమంటారు.

దయచేసి వీటినైనా సరిగ్గా చెయ్యి. బాబాయ్, చదువుతున్నారు కదా, మీరు కూడా.

తల వాచిన
నీ బిడ్డ


సెప్టెంబరు 20

అమ్మాయ్,

నాకు కన్ను లేదు, ఇంట్లో ఇప్పుడు చదవగలిగే మనిషి ఆయనొక్కరే. పక్కింటావిడతో చదివించమంటావా? వీధి వీధంతా చదివినట్టే.

అన్నీ చేశాం. డాక్టరు గుండె బాగుందన్నాడు, చెవి బాగుందన్నాడు, వణుకు తగ్గడానికి ఒక మాత్ర ఇచ్చాడు. అది వేసుకున్న రోజు మీ బాబాయి డిపోలో బెంచీ మీద నిద్రపోయారు. వణుకు లేదు, మనిషీ లేడు. మానేశాం.

తిట్టకుండా వినమన్నావు. నోరు కట్టేసుకుని ఎదురుగా కూర్చున్నాను. ఆయన "ఒంట్లో బాగాలేదా?" అని అడిగారు. బాగానే ఉంది, మీరు చెప్పండి అన్నాను. ఆ మెత్తదనానికి బెదిరిపోయి నా నుదురు పట్టుకు చూసి, డాక్టరు దగ్గరికి పదమన్నారు. ఇక కాగితం సంగతి. వంతెన గురించి లోపల ఏమనుకుంటున్నారో రాయమంటే, "వంతెన పొడుగ్గా ఉంది" అని రాశారు. ఇది భయమా, కొలతా? ఉన్నదే కదా రాశారు, దీని మీద నేనేం వాదించను?

ఇంక పది రోజులే ఉన్నాయి. మేనేజరు ఇప్పటికే షెడ్డు తాళం ఎక్కడుందో చూపించాడట. నాకు భయంగా ఉంది. ఏడవకూడదు కాబట్టి తిడుతున్నాను.

మీ అమ్మ రాసింది, నువ్వు మా సంగతి క్లాసులో అందరి ముందూ చదివావట. "ఒక బస్సు డ్రైవరు, చూపులేని అతని భార్య" అనట. చూపులేని భార్యనా నేను? కట్టు విప్పితే సూదిలో దారం ఎక్కించి చూపిస్తాను నీకు. మా ఇల్లు నీకు పరీక్ష పేపరయింది. ఏ సిద్ధాంతం గెలుస్తుందా అని నువ్వు చూస్తున్నావు, ఇక్కడ ఆయన ఓడిపోతున్నారు. ఈ ముక్క రాయనన్నారు మీ బాబాయి. రాయాల్సిందే అన్నాను.

ఇంక సిద్ధాంతాలు పంపకు.

పిన్ని


సెప్టెంబరు 24

బాబాయికి,

పిన్నికి రాసే మొహం లేక మీకు రాస్తున్నాను. పిన్ని అన్నది నిజం. క్లాసులో చదివాను, చప్పట్లు కూడా కొట్టారు. ఆ రాత్రి పేపరు ముందు కూర్చుంటే ఒక్క వాక్యం కదలలేదు.

మీ గురించి ఇన్ని ఉత్తరాలు నడిచాయి. అన్నీ మీ చేతి మీదుగానే వెళ్ళాయి, మీ నోటి మీదుగానే వచ్చాయి. మధ్యలో మిమ్మల్ని మాత్రం నేను ఒక్కసారీ పలకరించలేదు. ఎందుకని అడగొద్దని ఒకసారి, ఎందుకుతో పని లేదని ఇంకోసారి రాసింది నేనే.

బాబాయ్, వంతెన దగ్గర మీకేమవుతోంది?

దీన్ని పిన్నికి చదివి వినిపించకపోయినా పరవాలేదు. జవాబు రాయకపోయినా సరే. పేపరులో మాత్రం పెట్టను.

మీ అమ్మాయి


అక్టోబరు 2

నా తల్లికి,

ఈ వంకర అక్షరాలు నావే. కట్టు విప్పారు, కొత్త కళ్ళజోడు వచ్చింది. ముందుగా పక్కింటావిడ ముఖం చూశాను. ఇన్నాళ్ళూ గొంతును బట్టి ఊహించుకున్నదానికంటే మంచిగా ఉంది.

నీ ఉత్తరం మీ బాబాయి ఎప్పటిలాగే పైకి చదివారు. వినిపించకపోయినా పరవాలేదన్న ముక్క కూడా వదలకుండా చదివారు. మడతపెట్టి, కట్టు ఎప్పుడు విప్పుతారని అడిగారు. ఎల్లుండి అన్నాను. అయితే ఎల్లుండి చెబుతానన్నారు. నాకు ఒళ్ళు మండింది. రెండు రోజులూ అన్నంలో ఉప్పు కూడా అడగనివ్వలేదు ఆయన్ని.

కట్టు విప్పించుకుని వచ్చిన మధ్యాహ్నం డిపోకి వెళ్ళి, తన అలమారలోంచి ఒక పొట్లం తెచ్చి నా ఒళ్ళో పెట్టారు. విప్పితే ఆకుపచ్చ శాలువా. ఒక అంచు జానెడు మేర నల్లగా కాలిపోయి ఉంది. లాండ్రీవాణ్ణి నేను తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చాయి.

"ఆ లారీ పడిన రోజు నేను వచ్చేసరికి నువ్వు గిన్నె మాడిందని తిడుతున్నావు. నీ వెనక శాలువా రాజుకుంటోంది. నీకు కనబడలేదు. చేత్తో నలిపి ఆర్పాను, నువ్వు తిడుతూనే ఉన్నావు" అన్నారు.

మాడిన పాల కంపులో నాకు ఇంకో వాసన తెలియలేదు. భుజం మీది శాలువా లాగితే చలేస్తోంది ఇవ్వండని కూడా అరిచాను. మర్నాటి నుంచి వంతెన దగ్గరికి రాగానే ఆయనకి ఆ వాసన వస్తోందట. దాటితే నది అడ్డం పడుతుంది, ఇవతల నేను పొయ్యి దగ్గర ఉంటాను అని కాళ్ళూ చేతులూ ఆడవట. పక్కింటావిడ ఉంది కదా అంటే, ఆవిడ మాటల్లో పడితే ఇల్లు తగలబడినా చూడదన్నారు. అది మాత్రం నిజం. మరి చప్పుడని ఎందుకు చెప్పారని అడిగాను. "వాసనంటే ఏం వాసనని అడుగుతావు. నిన్ను ఏడవనివ్వకూడదని డాక్టరు చెప్పాడు కదా" అన్నారు.

ఇప్పుడు ఏడవొచ్చని అదే డాక్టరు ఆ పొద్దునే చెప్పాడు. శాలువా ఒళ్ళో పెట్టుకుని తీరిగ్గా ఏడ్చాను.

లోపలిది బయటికొచ్చింది కదా, ఇక భయం పోయిందనుకున్నాను. నీ మొదటి సిద్ధాంతం అదే కదా. ఎక్కడ పోయింది? మర్నాడు మేనేజరు అడిగితే ఖాళీ బస్సు వంతెన మొదలుదాకా తీసుకెళ్ళి మళ్ళీ ఆపేశారు. కారణం తెలిసింది, వణుకు మాత్రం అలాగే ఉంది. ఇంటికొచ్చి కూర్చున్నారు. ఆ పూట మౌతార్గన్ కూడా తీయలేదు.

సెప్టెంబరు ఆఖరు రోజు మేనేజరు స్వయంగా బస్సెక్కాడు. నేనూ ఎక్కాను, డ్రైవరు వెనక సీటు పట్టాను. ఆ కాలిన శాలువాయే కప్పుకుని వెళ్ళాను. నా తల మీదే "డ్రైవరుతో మాట్లాడరాదు" అని బోర్డు ఉంది. కొత్త కళ్ళజోడు కదా, స్పష్టంగా చదివాను. చదివి, మాట్లాడటం మొదలుపెట్టాను. లాండ్రీవాడికి నా తరఫున క్షమాపణ ఎవరు చెబుతారు, మా అత్తగారికి ఎవరు సర్దిచెబుతారు, అన్నీ ఏకరువు పెట్టాను. మేనేజరు బోర్డు వైపు చూశాడు, నా వైపు చూశాడు, కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టాడు.

బస్సు వంతెన ఎక్కింది. నడిమధ్యకొచ్చేసరికి మెల్లబడింది. వెనక జనం గొణుగుతున్నారు. ఆయన చేతులు చూశాను, ఇప్పుడు నాకు కనబడతాయి కదా. వణుకుతున్నాయి.

"ఏం వాసన?" అని అడిగాను.

ఆయన గట్టిగా గాలి పీల్చి, "డీజిలు" అన్నారు.

"అయితే పోనివ్వండి" అన్నాను.

పోనిచ్చారు. అవతలి ఒడ్డున దిగి ఆయన చెట్టు కింద కూర్చుని నీళ్ళు తాగారు, నేను ఎదురుగా నిలబడి మళ్ళీ కాస్త ఏడ్చాను. తిరిగొచ్చేటప్పుడు కూడా వణుకు ఉంది, కొంచెం తక్కువ. షెడ్డు తాళం మేనేజరు జేబులోనే ఉండిపోయింది.

నీ అయిదింటిలో ఏది గెలిచిందని నన్నడగకు. ఒక్కొక్కదాంట్లో ఆయన ముక్క ఒకటి ఉంది, ఆయన పూర్తిగా మాత్రం దేంట్లోనూ లేరు. పేపరులో పెట్టననకు, పెట్టు, ఆయన ఒప్పుకున్నారు. మేక సంగతి కూడా రాయమన్నారు. "చూపులేని భార్య" అన్నది మాత్రం కొట్టెయ్యి.

నిన్నటి నుంచి దుకాణం తెరిచాను. రోజూ ఆయన వెనక కూర్చుని వంతెన దాటించడం నా వల్ల కాదు, యూనిఫారాలు గుట్ట పడి ఉన్నాయి. శాలువా కాలిన అంచు కత్తిరించి, మడిచి కుట్టేశాను. కొత్త కంటితో నా మొదటి కుట్టు అదే. కాస్త పొట్టిదయింది. అదే కప్పుకుని, రోడ్డు వైపు కిటికీ దగ్గరికి మిషను జరుపుకుని కూర్చుంటున్నాను, బస్సులోంచి ఆయనకి ఆకుపచ్చగా కనబడాలని. ఈ ఎండలో శాలువా ఏమిటని వచ్చినవాళ్ళందరూ అడుగుతున్నారు. కన్ను బాగయ్యి మతి పోయిందనుకుంటున్నారు కాబోలు, అనుకోనీ. బస్సు వంతెన ఎక్కిన చప్పుడు వినబడ్డాకే తీస్తున్నాను.

మీ పిన్ని